భువనగిరిలో ఉంటూ రోజూ సికింద్రాబాద్ వెళ్లిరావడం కుదురుతుందా?

రవళి_తార్నాక:
అందరికీ నమస్కారం. తార్నాకలో అద్దెకు ఉంటున్నాం. నా ఉద్యోగం సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచే దూరంలో, మావారిది ఉప్పల్‌లో. పాప ఐదో తరగతి. అత్తయ్య మాతోనే ఉంటారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. అద్దె ఏటా పెరుగుతోంది, ఎండాకాలం వస్తే ట్యాంకర్ ఖర్చు అదనం. భువనగిరి పాత ఊళ్లో కాస్త వాకిలి ఉన్న ఇల్లు దొరికితే అక్కడికి మారాలని నాకు చాలా రోజులుగా ఉంది. ఈలోగా ఒక ఏజెంటు మావారికి వలిగొండ వైపు మూసీ ఒడ్డున ప్లాటు చూపించి, కిటికీ తీస్తే నది కనిపిస్తుందని ఆశపెట్టాడు. అక్కడ ఉంటున్నవాళ్లు, ఉండి వచ్చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. రైలు, నీళ్లు, బడి, ఆస్పత్రి అన్నీ తెలుసుకోవాలి.

సీజన్_పాస్:
రవళి గారూ, మీ ఆఫీసు స్టేషన్ పక్కనే ఉండటంతో సగం చిక్కు తీరినట్టే. భువనగిరి నుంచి సికింద్రాబాద్‌కు బీబీనగర్, ఘట్‌కేసర్, చర్లపల్లి, మౌలాలి మీదుగా ఎక్స్‌ప్రెస్‌కు గంట చాలు, పుష్‌పుల్ ప్యాసింజర్ బండికి ఇంకాస్త పడుతుంది. నెలవారీ సీజన్ టికెట్టుకు అయ్యే ఖర్చు బస్సు ఛార్జీ ముందు చాలా తక్కువ. కానీ దానితో జనరల్ పెట్టెలే ఎక్కాలి. రిజర్వేషన్ పెట్టెలో కూర్చుంటే జరిమానా తప్పదు. పొద్దున కాజీపేట వైపు నుంచి వచ్చే బళ్లు జనగామ, ఆలేరు దాటేసరికే నిండిపోతాయి. కాబట్టి భువనగిరిలో సీటు దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. వెళ్లేటప్పుడు నిలబడి, వచ్చేటప్పుడు అదృష్టం బాగుంటే కూర్చుని.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్‌ను కొత్తగా కడుతున్నందున కొన్ని రైళ్లను అక్కడికి మార్చారు. మీరు ఎక్కే బండి చర్లపల్లిలోనే ఆగిపోయేదైతే, అక్కడి నుంచి ఆఫీసు చేరడం మరో ప్రయాణం. ఇల్లు మాట్లాడుకునే ముందు మీ వేళలకు సరిపోయే బండి ఎక్కడిదాకా వెళ్తుందో చూసుకోండి.

ఎంఎంటీఎస్, అంటే నగరం లోకల్ రైలు, వస్తుందని ప్రతి ఏజెంటూ చెబుతాడు. 2024 మార్చిలో అది ఘట్‌కేసర్ దాకా వచ్చింది. ఘట్‌కేసర్ నుంచి భువనగిరి అవతలి రాయగిరి దాకా 33 కిలోమీటర్ల పొడిగింపు గురించి ఏళ్ల తరబడి వింటున్నాం. అది లేకుండానే మీ రోజు గడుస్తుందా అన్నదే చూసుకోవాలి.

మీవారికి మాత్రం బస్సే గతి. రోడ్డు బాగుంటుంది, కానీ నారపల్లి దాటి ఉప్పల్‌లోకి వచ్చే ఆరు కిలోమీటర్లే ప్రాణం తీస్తాయి. అక్కడి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలైనవి. సొంత బండి అయితే గూడూరు టోల్ ఖర్చు కూడా కలుపుకోండి.

ఖిల్లా_నీడ:
మా ఇల్లు కోట కిందనే, నాలుగు తరాలుగా. రవళి గారి ప్రశ్న చదివితే సంతోషం వేసింది. భువనగిరికి రావాలనుకునేవాళ్లు ఈమధ్య హైవే పక్క వెంచర్లనే అడుగుతున్నారు, పాత ఊరి పేరు ఎత్తేవారే లేరు.

కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు, ఆ పేరు మీదనే త్రిభువనగిరి, అదే భువనగిరి. కోట అంతా ఒకే బండ. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో సర్వాయి పాపన్న కన్ను పడింది ఈ కోట మీదే. ఇప్పుడు ఆ బండ మీదనే పిల్లలు రాళ్లెక్కడం నేర్చుకుంటున్నారు. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ సాధన చేసింది ఇక్కడే. ఆదివారం పొద్దున మీ పాపను కోట మీదికి తీసుకెళ్లండి, వారమంతా నిద్ర లేపనక్కర్లేదు.

కానీ ఆ బండ కింద ఉండటంలో ఒక కష్టం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో అది పగలంతా ఎండను తాగి రాత్రి తొమ్మిది దాటాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. పడమటి గోడ కోట వైపు ఉన్న ఇల్లు తీసుకోవద్దు. పాత ఇళ్లలో మందపాటి గోడలు, మధ్యలో ఖాళీ జాగా ఉంటే చల్లగా ఉంటుంది. మెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి అత్తయ్య గారి కోసం అది మాత్రం ముందే చూసుకోండి. గల్లీలు ఇరుకు. అంబులెన్సు ఇంటి ముందుకు వస్తుందో లేదో అడగండి.

కత్వ_గట్టు:
రవళి అక్కా, ఆ ప్లాటు గురించి నేను చెబుతాను. మాది సంగెం పక్క ఊరు, మూసీ కింద సేద్యం.

ఆ ఏజెంటు మీవారిని అక్కడికి ఏ వేళకు తీసుకెళ్లాడు? మధ్యాహ్నం అయి ఉంటుంది. తెల్లవారుజామున, గాలి కదలనప్పుడు వచ్చి చూడండి. భీమలింగం కత్వ, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట, మీద నుంచి నీళ్లు దూకే చోట తెల్లని నురగ మోకాలి ఎత్తున పేరుకుంటుంది. గాలి లేస్తే ఆ నురగ ముక్కలు ముక్కలుగా రోడ్డు మీదికి, వరి మీదికి ఎగిరి వస్తుంది. చేతికి అంటితే జిగటగా ఉంటుంది, కాసేపటికి దురద. నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లు చూస్తే మీకే అర్థమవుతుంది. పొలం నుంచి రాగానే కొబ్బరినూనె రాసుకోవడం మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఉన్న అలవాటు.

అనంతగిరి కొండల్లో పుట్టిన నది ఇది. నగరం దాటేదాకా ఎలా ఉంటుందో, దాటాక ఎలా ఉంటుందో మా కళ్లతో చూస్తూనే ఉన్నాం. ఒకప్పుడు వేసవిలో చెలమ తీసి తాగిన ఏరు అని మా తాత చెప్పేవాడు. ఇప్పుడు వేసవిలోనూ పారుతుంది, ఎందుకంటే నగరం వాడి వదిలేసిన నీళ్లకు వేసవి లేదు. ఆసఫ్ నహర్, భీమలింగం, ధర్మారెడ్డిపల్లి, పిల్లాయిపల్లి కాలువల కింద రెండు పంటలూ పండుతున్నాయంటే ఆ నీళ్ల వల్లే. అందుకే మేము నీళ్లు ఆపమని అడగడం లేదు, మురికి ఆపమంటున్నాం. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మూసీ యాత్ర మొదలుపెట్టింది మా సంగెం నుంచే. ఆ రోజు వచ్చినవాళ్లంతా ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఒక్క రాత్రి ఇక్కడ నిద్రపోయి ఉంటే బాగుండేదని నా బాధ.

వరద సంగతి వేరే. పైన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తితే కింద సంగెం దగ్గర, జూలూరు–రుద్రవెల్లి దగ్గర లోలెవెల్ వంతెనలు మునిగిపోతాయి. 2020 అక్టోబరులో అయితే నది ఏ పొలం ఎవరిదో గుర్తుపట్టలేనట్టు చేసింది. వాన మీ ఊళ్లో పడకపోయినా దారి మూసుకుపోతుంది. పోలీసులు ముళ్లకంప అడ్డం పెడతారు, పిల్లలు చౌటుప్పల్ వైపు బడికి వెళ్లలేరు, చుట్టూ తిరిగి రావాలి.

రవళి_తార్నాక:
తమ్ముడూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మావారికి చదివి వినిపించాను. ప్లాటు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాం. మరి భువనగిరి ఊళ్లో ఆ వాసన వస్తుందా? తాగునీళ్లు ఎక్కడివి?

ఖిల్లా_నీడ:
లేదండీ. నది ఊరికి దక్షిణాన చాలా దూరంలో ఉంది, బొల్లేపల్లి దాటాక. ఊళ్లో మీకు కనిపించేది పెద్ద చెరువు. తాగడానికి మిషన్ భగీరథ నల్లా. వాడుకకు ఎక్కువ ఇళ్లలో బోరు ఉంటుంది, ఆ నీళ్లు కాస్త గట్టివి, పప్పు త్వరగా ఉడకదు.

నది దూరమని ఊరికి దానితో సంబంధం లేదనుకోకండి. మన కూరగాయలు, పాలు, బియ్యం చాలావరకు ఆ నది కిందివే. మూసీ బాగుపడటం సంగెం వాళ్ల ఒక్కరి గొడవ కాదు.

దస్తావేజు_లేఖరి:
వృత్తి పరంగా రెండు మాటలు. భూమి కొనే ముందు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే పత్రం) తీయించండి, అది అందరికీ తెలిసిందే. చాలామంది చూడనిది నీటిపారుదల శాఖ మ్యాపు. చెరువుకైతే ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), నదికైతే బఫర్ జోన్ (ఒడ్డున కట్టకూడని జాగా) ఎక్కడిదాకా ఉందో సర్వే నంబరుతో సహా లిఖితపూర్వకంగా అడగండి. లేఅవుట్‌కు అనుమతి ఉందని ఏజెంటు చూపించే కాగితం ఒక్కోసారి పక్క సర్వే నంబరుది అయి ఉంటుంది. అంకెకు అంకె సరిపోల్చండి.

రెండోది, ప్రాంతీయ వలయ రహదారి. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 158 కిలోమీటర్లు. రాయగిరి వైపు రైతులు భూమి పోతుందని ఎన్నిసార్లు రోడ్డెక్కారో ఈ ప్రాంతం వాళ్లకు తెలుసు. రింగు రోడ్డు పక్కనే అని చెప్పి అమ్మే ప్లాటు, ఆ రోడ్డు కిందికే పోయే ప్లాటు కాకూడదు కదా. అలైన్‌మెంటులో ఆ సర్వే నంబరు ఉందో లేదో ఆర్డీవో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఏడాది అద్దెకు ఉండి ఊరు తెలిశాక కొనడమే మేలు.

బీబీనగర్_నర్సు:
ఆస్పత్రి గురించి అడిగారు. బీబీనగర్ ఎయిమ్స్ మీకు పదిహేను కిలోమీటర్ల లోపే. మోకాళ్ల నొప్పులకు ఎముకల విభాగం ఓపీ చూపించుకోవచ్చు, రద్దీ ఎక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. భువనగిరిలో ప్రభుత్వ జిల్లా ఆస్పత్రి ఉంది. చిన్న చిన్న జబ్బులకు ఊళ్లోనే చాలు.

ఆడవాళ్లుగా ఒక సంగతి మనసు విప్పి చెబుతున్నాను. సాయంత్రం బండి ఆలస్యమైతే రాత్రి స్టేషన్‌లో దిగి ఇంటికి వెళ్లే దారే అసలు ప్రశ్న. నేను ఇల్లు వెతికినప్పుడు గదులు ఎన్ని అని ముందు చూడలేదు. స్టేషన్ నుంచి ఇంటిదాకా దారిలో దుకాణాలు ఎంతవరకు తెరిచి ఉంటాయి, వీధి దీపాలు వెలుగుతాయా అని రాత్రి పూట నడిచి చూశాను. మీరు కూడా అలాగే చూడండి. పగలు చూసిన దారి రాత్రి వేరుగా ఉంటుంది.

మళ్లీ_ఉప్పల్:
ఉండి వచ్చేసినవాళ్లు చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను. మేము భువనగిరిలో అద్దెకు ఉన్నాం, ఊరు మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. పక్కింటి అవ్వ మా చిన్నవాడిని సొంత మనవడిలా చూసుకుంది. వచ్చేయడానికి కారణం ప్రయాణమే. బండి స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయిందంటే ఎప్పుడు కదులుతుందో తెలియదు. ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రలో ఉండేవారు, లేచేసరికి నేను బండిలో ఉండేవాడిని. పెద్దవాడు ఇంటర్‌కు వచ్చాక వాడి కోచింగ్ నగరంలోనే అయింది, ఇద్దరం రోజూ తిరగడం కంటే అందరం మారిపోవడమే నయం అనిపించింది.

రవళి గారూ, మీ ఇద్దరిలో ఒక్కరైనా సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉండగలిగితేనే వెళ్లండి. పాపకు అది కోట కంటే, చెరువు కంటే ముఖ్యం.

సీజన్_పాస్:
మళ్లీ_ఉప్పల్ అన్న మాటతో ఏకీభవిస్తున్నాను. ఔటర్ దగ్గర ఆగడం నిజమే, వందేభారత్‌కో దురంతోకో దారి ఇవ్వడానికి మా పుష్‌పుల్‌నే పక్కన పెడతారు. మూడో లైను వేస్తే తప్ప ఇది పోదు. పది కోచ్‌లలో ఊపిరాడక నిలబడి రోజూ ఉద్యోగానికి వచ్చే జనం కూడా ప్రయాణికులే అని రైల్వే వాళ్లు గుర్తించాలి. ప్రయాణికుల తరఫున మేము అర్జీలు పెడుతూనే ఉన్నాం, కొత్తగా వచ్చేవాళ్లూ సంతకం పెట్టాలి.

ధాన్యం_కొట్టు:
ఇంతమంది రాశారు, మార్కెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. భువనగిరి అంటే మాకు ముందు అదే.

అక్టోబరు చివర నుంచి వానాకాలం వడ్లు, ఏప్రిల్ నుంచి యాసంగి వడ్లు. ఆ నెలల్లో ఊరి చుట్టుపక్కల రోడ్డు సగం వడ్ల కుప్పలే. కారులో, బైకు మీద వచ్చే మీవంటి వారు దయచేసి రాత్రి పూట నెమ్మదిగా రండి. కుప్ప చివర పెట్టిన రాళ్లు, మీద కప్పిన నల్ల టార్పాలిన్ చీకట్లో కనిపించవు. ఏటా ఎవరో ఒకరు పడుతున్నారు. రైతు అక్కడ సరదాకు ఆరబోయలేదు. తేమ 17 శాతానికి మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. మీటరు గొట్టంలో గుప్పెడు గింజలు పోసి అంకె వచ్చేదాకా ఆ రైతు ముఖం చూస్తే తెలుస్తుంది. 18 అని వస్తే ఇంకో రెండు రోజులు అక్కడే కాపలా, మబ్బు పడితే గుండెల్లో రాయి. ఆ తర్వాత తూకం, తరుగు, హమాలీ కూలి, లారీ రావడం. ఈ ఊళ్లో దుకాణాలన్నీ ఆ డబ్బు చేతికి వచ్చే రోజు కోసం ఎదురుచూస్తాయి. బట్టల కొట్టు, కంసాలి, ఎరువుల దుకాణం, పెళ్లి మంటపం అన్నిటికీ అదే పండుగ.

ఊరికి వచ్చేవాళ్లను నేను కోరేది ఒకటే. నెల సరుకులు ఉప్పల్‌లో కొని బండిలో వేసుకుని రావద్దు. ఇక్కడ కొనండి. అంగడి రోజున రైతు తెచ్చిన బీరకాయ, సొరకాయ, ఆకుకూర నేరుగా తీసుకోండి. సీతాఫలాల కాలంలో గంపలు తెచ్చే ఆడవాళ్లు తెల్లవారకముందే గుట్టల మీద కాయ కోసి నడిచి వస్తారు, వాళ్ల దగ్గర బేరం ఎక్కువ ఆడవద్దు.

ఖిల్లా_నీడ:
ధాన్యం_కొట్టు అన్న నా మనసులో ఉన్నదే చెప్పాడు. రాత్రి పడుకోవడానికి ఒక ఊరు, పగలు బతకడానికి ఇంకో ఊరు అనుకుంటే ఇది చచ్చిపోతుంది. ఇది ఎవరో కట్టిన కాలనీ కాదు. 1944లో పదకొండో ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన. ఆయన సొంతూరు బొల్లేపల్లి, ఇందాక నది దగ్గర అని చెప్పిన ఊరే. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి దేశంలోనే అందరికంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఆ సభకు పల్లెల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిన జనం ఎందరో ఈ బజారు మీదుగానే నడిచారు. అదే బజారులో ఇప్పుడు నాలుగో తరం కిరాణా కొట్లు మూతపడుతున్నాయి, హైవే పక్కన సూపర్‌మార్కెట్లు వెలుస్తున్నాయి.

వస్తామన్న వాళ్లకు అడ్డు చెప్పడం నా ఉద్దేశం కాదు. వచ్చినవాళ్లు వార్డు సభకు రావాలి, చెరువులో చెత్త వేస్తే అడగాలి, బతుకమ్మకు చెరువు గట్టు మీదికి రావాలి. రవళి గారి లాంటి వాళ్లు పది మంది వస్తే ఈ ఊరి బడికి, బజారుకు, రైలుకు గొంతు పెరుగుతుంది.

కత్వ_గట్టు:
ఖిల్లా_నీడ అన్నా, మీ ఊరి మురుగు కాలువ కూడా చివరికి ఎక్కడ చేరుతుందో ఒకసారి వార్డు సభలో అడగండి. నగరం ఒక్కటే కాదు, దారిలో ఉన్న ప్రతి ఊరూ తన వంతు బాధ్యత తీసుకోవాలి. కొత్త కాలనీలకు అనుమతి ఇచ్చేటప్పుడు మురుగు శుద్ధి ఏర్పాటు ఉందా అని చూసేవారే కనిపించడం లేదు. భువనగిరి పెరిగి ఇంకో లక్ష మంది వస్తే ఆ నీళ్లు మా పొలాలకే వస్తాయి.

ఖిల్లా_నీడ:
నువ్వన్నది న్యాయం తమ్ముడూ. వచ్చే సభలో ఆ ప్రశ్న నేనే వేస్తాను. నువ్వూ రా, కత్వ కింది రైతులను ఇద్దరు ముగ్గురిని తీసుకురా. కౌన్సిలర్లు మీ నోటి నుంచి వినాలి.

రవళి_తార్నాక:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. కొనడం లేదు. స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో, ఎత్తు మెట్లు లేని అద్దె ఇల్లు చూడాలని అనుకున్నాం. మావారు ఉదయపు షిఫ్టు అడుగుతున్నారు. అది దొరికితే సాయంత్రం ఐదింటికల్లా ఇంట్లో ఉంటారు. అది దొరకకపోతే తార్నాకలోనే ఉంటాం, మళ్లీ_ఉప్పల్ అన్న చెప్పింది నాకు బాగా తగిలింది. ఈ లోపు నేను పుష్‌పుల్‌లో కొన్నాళ్లు ఆఫీసు వేళకు అటూ ఇటూ తిరిగి చూస్తాను. అత్తయ్యను ఎయిమ్స్‌కు తీసుకొచ్చిన రోజే ఊరూ చూపిస్తాను. ఇల్లు చూసేటప్పుడు ఇంకేమైనా అడగాలా?

బీబీనగర్_నర్సు:
నల్లా ఏ రోజు, ఎంతసేపు వస్తుందో ఇంటి యజమానిని కాదు, పక్కింటి ఆడవాళ్లను అడగండి. బోరు ఎండాకాలం మేలో పోస్తుందో లేదో కూడా వాళ్లే చెబుతారు. ఎయిమ్స్ ఓపీకి వచ్చే ముందు నాకు ఇక్కడే సందేశం పెట్టండి, ఏ కౌంటరులో నమోదు చేసుకోవాలో చెబుతాను.

సీజన్_పాస్:
సోమవారం మాత్రం రావద్దు, ఆ రోజు బండి కిటకిటలాడుతుంది. బుధవారమో గురువారమో వస్తే మామూలు రోజు ఎలా ఉంటుందో తెలుస్తుంది. తర్వాత ఒక సోమవారం కూడా చూడండి. ఈ రెండూ తట్టుకోగలిగితే ఇల్లు మాట్లాడుకోండి.